చేపు వచ్చేదాకా

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడితే మా బస్సులో అందరూ ఫోన్లు తీస్తారు. మొన్న పొద్దున మా పక్కనే పచ్చిగడ్డి మోపులు వేసుకున్న ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. అప్పుడే కోసిన గడ్డి వాసన, దాని వెనకే కాస్త పేడ వాసన. నా పక్క సీట్లో కూర్చున్నామె ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ అద్దం ఇంకాస్త తెరిచాను. ఆ వాసన వస్తే చాలు, నర్సమ్మవ్వ వచ్చి నా ముందు కూర్చుంటుంది, మోకాళ్ల మధ్య పాల చెంబు పెట్టుకొని.

నర్సమ్మవ్వ పాతబస్తీలో మా గల్లీకి పాలు పోసే మనిషి. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఆమె రేకుల కొట్టం. అందులో రెండు బర్రెలు, లచ్చి అనే ఆవు. బర్రెల పాలు గల్లీకి, లచ్చి పాలు దేవునికి. మా బాపు గల్లీ చివర ఉన్న చిన్న కృష్ణుడి గుడిలో అర్చకుడు. పొద్దుటి నైవేద్యానికి పాలు నేరుగా గుడికి పోవు. అవ్వ మా గడప దగ్గరికి తెస్తుంది, బాపు తడిబట్టతో వచ్చి రెండు చేతులా అందుకొని తీసుకెళ్తాడు. ఆమె అత్త మా తాతకు అట్లాగే ఇచ్చేదట. అవ్వ పెద్ద భక్తురాలని మాత్రం ఎవరూ అనుకోలేదు. గుడిలో నిలబడి కూడా ఆమె చూపు ప్రసాదం గిన్నె మీదే. "దినాం మీ దేవుని కడుపు నింపుతున్న గదా, ఇంక నాకేం మొక్కులు" అని నవ్వేది.

నేను డిగ్రీ చదివేటప్పుడు బాపుకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, కాళ్లు నిలిచాయి, కుడి చెయ్యి కొంత తిరిగివచ్చింది. మాట మాత్రం పోయింది. మంత్రం తప్ప వేరే ఆస్తి లేని మనిషికి మాట పోవడమంటే ఏమిటో అప్పుడు చూశాను. గుడి పని బాబాయి అందుకున్నాడు. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. స్నానం చేయించినా ఇంట్లో దీపం ముట్టుకోలేదు. అన్నం రెండు ముద్దలు తింటే ఎక్కువ. డాక్టరు మందులు రాసి, "ముందు ఆయనకు బతకాలని ఉండాలమ్మా" అన్నాడు. అమ్మ పైకి ఏడవలేదు కానీ రాత్రిళ్లు నిద్రపోయేది కాదు. బాపు మాకు దక్కడేమోనని నాకు చచ్చేంత భయమేసేది.

అవ్వ మాత్రం రోజూలాగే వచ్చేది. చెంబు తెచ్చి మంచం దగ్గర బాపు ముందు పట్టేది. బాపు ఇటు తిరిగేవాడు కాదు. ఆమె అక్కడే కింద చతికిలబడేది. గుడిలో ఆలస్యమవుతోందని బాబాయి వచ్చి లొల్లి పెట్టేవాడు.

"నర్సమ్మా, సీదా గుడికే తెచ్చియ్యరాదు? ఈడ కూసుంటే ఏమొస్తది?"

"అయ్య చేతికియ్యకుండ పాలు గుడికెట్ల వోతయి? జరసేపు ఆగు పంతులూ, నీ దేవుడు ఏడికి వోతలేడు."

చివరికి బాబాయే చెంబు లాక్కున్నంత పని చేసి పట్టుకుపోయేవాడు. ఒకరోజు నేనూ విసుక్కున్నాను. "అవ్వా, బాపుకు మంత్రం రాదిప్పుడు. ఎందుకు సతాయిస్తవ్?"

"మంత్రమెవరడిగిన్రు బిడ్డా? చెంబు వట్టుకొమ్మంటున్న. చేపు వచ్చేదాక కూసోవాలె."

చేపు అన్నది పాలవాళ్ల మాట. పొదుగు నిండా పాలున్నా, మనసు కుదిరితేనే పశువు వాటిని కిందికి వదులుతుంది. దూడను విడవాలి, పొదుగు నిమరాలి, కూనిరాగమేదో తీస్తూ కూర్చోవాలి. అంత ఓపిక లేనివాళ్లు సూదిమందు వేసి పిండుకునేవాళ్లు. అవ్వకు అదంటే ఒళ్లుమంట. "అది పిండుడు కాదు, గుంజుకునుడు" అనేది.

ఒక పొద్దున ఆమె ఖాళీ చెంబుతో వచ్చింది. మంచం పక్కన నిలబడి చెప్పింది. "అయ్యా, ఇయ్యాల దేవునికి పాల్లేవు. మా లచ్చి దూడ సచ్చిపోయింది. లచ్చి పొదుగు ముట్టనిస్తలేదు, గడ్డి తింటలేదు. గోడ దిక్కు మొకం వెట్టి నిలవడ్డది, నీ లెక్కనే. జర వచ్చి చూడు."

"నీ లెక్కనే" అన్న మాటకు అమ్మ బిత్తరపోయింది. బాపు ఇటు తిరిగాడు. అవ్వను చాలాసేపు చూసి, మెల్లగా లేచాడు.

నేను చెయ్యి పట్టుకొని కొట్టందాకా నడిపించాను. గర్భగుడి తడి తప్ప మరో తడి ఎరగని మనిషి పేడలో కాలు పెట్టి వెళ్లి లచ్చి మెడ మీద చెయ్యి వేశాడు. దాని కళ్ల కింద చారలు కట్టి ఉన్నాయి. బాపు పెదవులు కదిలాయి, మాట రాలేదు. అవ్వ పొదుగు నిమురుతూ ఎప్పటి కూనిరాగం ఎత్తుకుంది. కాసేపటికి రెండో గొంతు వినిపించింది. బాపుదే. గుడి తలుపులు తీస్తూ పాడే మేలుకొలుపు రాగం, మాటలు లేకుండా, అక్కడక్కడ విరుగుతూ. నేను గుంజకు ఆనుకొని ఏడ్చేశాను.

ఆ రోజు పాలు రాలేదు. అబద్ధమెందుకు, మహిమలేమీ జరగలేదు. బాబాయి బెల్లం ముక్క నైవేద్యం పెట్టాడు. "ఒక్కపూట పాలు లేకుంటే ఏడ్సే ఈడు దాటింది తియ్ మీ కిష్టునికి" అంది అవ్వ. మర్నాడు ఎవరూ పిలవకుండానే బాపు కొట్టానికి బయలుదేరాడు. ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాడు. ఒక ఉదయం లచ్చి చేపింది. పాలు చెంబులో సగానికి కూడా రాలేదు. అవ్వ ఆ చెంబును బాపు చేతుల్లో పెట్టి, పట్టు జారకుండా కింద తన చెయ్యి ఆనించింది. అట్లాగే ఇద్దరూ గుడిదాకా నడిచారు. లోపల బాబాయి మంత్రం చదివాడు, బాపు రాగం తీశాడు. ఆ మధ్యాహ్నం ఇంకాస్త అన్నం పెట్టమని బాపు కంచం ముందుకు జరిపితే, అమ్మ అన్నం గిన్నె మొత్తం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

మాట మళ్లీ రాలేదు. ఆ రాగంతోనే బాపు ఏళ్ల తరబడి గుడికి వెళ్లాడు. అవ్వ మంచాన పడ్డప్పుడు కొడుకులు ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. బాపు వెళ్లి ఆమె పక్కన కూర్చొని నుదుటి మీద చెయ్యి వేశాడు. మడి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన రాగం తీస్తూ ఉంటే చాలాసేపటికి ఆమె కళ్లు విప్పి, "అయ్యా, లచ్చికి గడ్డేసిన్రా?" అంది. లచ్చి పోయి అప్పటికి చాలా కాలమైంది. బాపు వేశామన్నట్టు తల ఊపాడు. ఆమె నిమ్మళంగా కళ్లు మూసుకుంది.

ఇప్పుడు బాపూ లేడు. కొట్టం ఉన్నచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నాకు పూజలు పెద్దగా రావు. గుడికి వెళ్లినా ఏం కోరుకోవాలో తోచదు. కానీ మూగబోయిన మనిషి పక్కన తొందరపడకుండా కూర్చోవడం ఒక్కటి వచ్చు. అది నాకు ఆ కొట్టంలోనే అబ్బింది. దేవుడి సంగతి అంతకంటే నాకు తెలియదు.

మొన్న గడ్డి వాసన చూసిన రోజు సాయంత్రమే, ఇంటికి వచ్చేసరికి నా కూతురు గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. ఏమైందంటే చెప్పలేదు. మంచం పక్కన కింద కూర్చున్నాను. బాపు రాగం ఎప్పుడు ఎత్తుకున్నానో నాకే తెలియదు.

"ఏం పాటమ్మా అది?" అంది కొంతసేపటికి, ఇటు తిరగకుండానే.

"పాట కాదు బిడ్డా."

"మాటలు లేవా?"

"లేవు. ఆపాల్నా?"

"ఆపకు" అంది.