అడ్డొచ్చిన లైను

మా తెలుగు మాస్టారు ఇక లేరని బుధవారం పొద్దున మా బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కాలేజీ సంచికకు సాయంత్రంలోగా ఒక పేజీ రాసివ్వమన్నారు. "నేను ఆయన ప్రియ శిష్యురాలిని" అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాను. ఆ వాక్యం చూస్తే ఆయన ఏమడుగుతారో నాకు తెలుసు.

కథ మీద వ్యాసం రాసి తీసుకెళితే మాస్టారు దిద్దేవారు కాదు. కథ పుస్తకం ముందు పెట్టి, "నువ్వే చూసుకోమ్మా. అన్న ప్రతి మాటకీ కథలో వేలు పెట్టి చూపించు" అనేవారు. వేలు పెట్టే చోటు లేకపోతే, ఎంత అందమైన వాక్యమైనా కొట్టేయాల్సిందే. ఆ తర్వాత రెండో ప్రశ్న. "ఇంతకీ నీ వాదనకు అడ్డొచ్చిన లైను ఏదమ్మా?" దానికి మాత్రం అందరికీ చెమటలు పట్టేవి.

డిగ్రీ చివరి ఏడాది కాకినాడలో జరిగే వ్యాసరచన పోటీకి మా కాలేజీ తరఫున నన్ను ఎంపిక చేశారు. నాలుగింటికల్లా కాలేజీ ఆఫీసులో వ్యాసం కవరు ఇవ్వాలి. మూడున్నరకు ఆయన ముందు కూర్చున్నాను. కథలో ఒక పడవ నడిపే తండ్రి, ఉద్యోగానికి వెళ్తున్న కూతుర్ని సాగనంపడానికి రేవుకు రాడు. అతనికి కూతురి మీద ప్రేమ లేదని నా వాదన. టకటకా వేలు పెట్టి చూపించేశాను.

"మరి అడ్డొచ్చింది?"

"ఏమీ లేదండి."

ఆయన పుస్తకం నా వైపు జరిపారు. స్టీలు గ్లాసులో టీ చల్లారిపోతోంది. నేను గోడ గడియారం వంకే చూస్తున్నాను. ఆ తెల్లవారుజామున తండ్రి కూతురి చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడని కథలో ఒక్క వాక్యం ఉంది. చూసే దాటేశాను.

"ఉందండి" అన్నాను చివరికి. ఆ వాక్యం మీద వేలు పెట్టాను.

"అయితే దాన్నీ పిలిచి కూర్చోబెట్టు. అది ఎదురుగా ఉన్నా నిలబడితేనే వాదన."

నిలబడలేదు. మళ్ళీ రాసేసరికి నాలుగున్నర. "టైమైపోయిందమ్మా" అని క్లర్కు గారు కిటికీ మూసేశారు.

"కవరు వెళ్ళకపోతే ఏంటమ్మా, వ్యాసం అయింది కదా" అన్నారు మాస్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనదేం పోయింది, పోయింది నాది! చదువయ్యాక మళ్ళీ ఆయన గడప తొక్కలేదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. అడ్డొచ్చిన లైను ఏదని పిల్లల్ని రోజూ అడుగుతాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ ప్రశ్న పెట్టిందే. ఆ ప్రశ్న ఎవరిదో మాత్రం వాళ్ళకు ఒక్కసారీ చెప్పలేదు.

సంచిక వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. ప్రియ శిష్యురాలినన్న మాట కొట్టేశాను. పోయిన నెల ఒక మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఒంట్లో బాగాలేదని అప్పటికే విన్నాను. క్లాసు అయ్యాక చేద్దామనుకున్నాను, చేయలేదు.

ఫోన్ తీసి వెతికాను. కాల్స్‌లో ఎర్రగా ఇంకా ఉంది, "తెలుగు మాస్టారు" అని. నాకు అడ్డొచ్చిన లైను అదే. దాని మీద వేలు పెట్టాను. అవతల రింగయింది.