బాపమ్మ గుప్పిట్లో ఆముదం గింజలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆముదం కాస్తే వాడకట్టంతా తెలిసిపోయేది. వేయించిన గింజల వాసన అంత ఘాటుగా ఉండేది. మా నర్మెట్ట చుట్టుపక్కల మెట్ట చెలకల్లో అప్పట్లో ఆముదమే ఎక్కువ. మా బాపమ్మ, అంటే మా నాయిన వాళ్ల అమ్మ, గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మళ్లీ కాచేది. ఎవరింట్లో కాన్పయినా పసిబిడ్డకు ఆ నూనే పోయాలి. బజారులో అమ్మేదాన్ని ఆమె అసలు నూనె అనే ఒప్పుకునేది కాదు. ఆ విషయంలో ఆమెకు కొంచెం గర్వం. ఉండనీయండి, ఉండాల్సిందే.

నేను మూడో తరగతిలో ఉండగా నాకు జబ్బు చేసింది. విడవని జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి నెత్తురు. జనగామ దవాఖానలో చూసి పట్నం పొమ్మన్నారు. పట్నంలో పెద్ద డాక్టర్లు నెత్తుటి క్యాన్సర్ అని తేల్చారు. ఆ మాట విన్నవాళ్లు నా ముందే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. నేనింకా బతికుండగానే మా గడపలో కూర్చుని నా కోసం శోకాలు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మీద నాకిప్పటికీ కోపమే.

వారం వారం జనగామలో రైలెక్కి పట్నం పోయి నరానికి సూది వేయించుకోవాలి. ఆ మందు పేరు విన్‌క్రిస్టిన్ అని పెద్దయ్యాక తెలుసుకున్నాను. చూడటానికి నీళ్లలాగే ఉండేది, అదీ కొంచెమే. చేసే పని మాత్రం కొంచెం కాదు. దవడలు గుంజేవి. పాదాలు తిమ్మిరెక్కి, చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలిసేది కాదు. జుట్టంతా దువ్వెనకే వచ్చేసింది. అన్నిటికన్నా నాకు సూదంటేనే భయం. పుల్లల్లాంటి నా చేతుల్లో నరం ఒక పట్టాన దొరికేది కాదు. నర్సమ్మ వెతుకుతున్నంతసేపూ మా అమ్మ మొహం గోడవైపు తిప్పుకుని నిలబడేది.

ఒకరోజు నా ఏడుపు ఆపడానికి డాక్టరమ్మ పక్కన కూర్చుని, ఈ మందు ఎక్కడినుంచో రాలేదనీ, మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు మొక్కలో నుంచే తీస్తారనీ చెప్పింది. మంచి మనసుతో చెప్పిన మాట అది. నేను ఆశ్చర్యపోయి ఏడుపు మానేశాను. మా అమ్మ మాత్రం తిరుగు రైలులో వాచిన నా చేతిని తన ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అప్పటికి నా ఒంట్లో కాస్త బాగయింది. జ్వరం పోయింది, అన్నం తింటున్నాను, అష్టాచెమ్మలో తొండి కూడా చేస్తున్నాను. జబ్బు లోపల ఇంకా దాక్కుని ఉంటుందని, చాలా కాలం సూదులు ఆపొద్దని డాక్టర్లు చెప్పారు. ఆ మాట నా చెవికెక్కలేదు. బయలుదేరే ముందురోజు నుంచే మొదలుపెట్టేదాన్ని. "నేను రానమ్మా, సచ్చినా రాను" అని అమ్మ కాళ్లు చుట్టుకుని ఏడ్చేదాన్ని. కన్నతల్లి ఎంతకని ఓర్చుకుంటుంది!

ఇంకోసారి పట్నం పోవాల్సిన పొద్దున నేను లేచేసరికి మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. గోడ వెంట ఉన్న బిళ్లగన్నేరు ఆకులు కోసి చిన్న గిన్నెలో ఉడకబెడుతోంది. "ఇగ రైలు లేదు, సూది లేదు బిడ్డా. గదే చెట్టు, గదే మందు. జర చేదుంటది, బెల్లంముక్క పెడ్త" అంది. నేను ఎగిరి గంతేశాను. పెరటి చెట్టు వైద్యానికి రాదంటారు పెద్దలు. మా అమ్మ ఆ సామెతకు ఎదురు తిరిగింది.

బాపమ్మ వాకిట్లో చేట పట్టుకుని ఆముదాలు చెరుగుతోంది. మేం ఖాలా అని పిలుచుకునే పక్కింటి సాయబులావిడ కూతురు ప్రసవించింది, ఆ పసివాడి కోసం నూనె కాయాలి. మా మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయి. ఇక అమ్మ పని అయిపోయిందనుకున్నాను. బాపమ్మ నోరు తెరిస్తే బస్టాండు దాకా వినబడేది మరి. కానీ ఆరోజు ఆమె కేకలేయలేదు. గుప్పెడు పచ్చి గింజలు పట్టుకుని లోపలికొచ్చి, పొయ్యి పక్కన నెమ్మదిగా కూలబడింది.

"కడుపు బిగవట్టింది పిల్లా. ఆముదం తాగుదామంటే నూనె ఇంక కాలే. గీ గింజలే నములుత తియ్. గదే చెట్టు గద" అని గుప్పిట నోటి దగ్గరికి తీసుకుపోయింది.

మా అమ్మ గరిటె పారేసి ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుంది. గింజలు చెల్లాచెదురుగా పడ్డాయి.

"పానం మీదికి తెచ్చుకుంటవా అత్తమ్మా! పచ్చి గింజ ఇసం గాదు? దూడలు తిని సచ్చిపోవుడు సూడలే?"

"మరి దాని నూనె పసిపిల్లలకు పోస్తం గద?"

"ఏంచి, దంచి, ఉడకవెట్టి తీస్తేనే గద అది..." అంటూ మా అమ్మ ఆగిపోయింది. తన గిన్నెవైపు చూసింది. బాపమ్మ చెయ్యి మాత్రం ఇంకా వదల్లేదు.

"గీ ఆకును మేక సుత ముట్టది పిల్లా" అంది బాపమ్మ మెల్లగా. "దీంట్లకెళ్లి మందు తీసెటోళ్లకు వాళ్ల రోలుంటది, వాళ్ల పొయ్యి ఉంటది. ఎంత తియ్యాల్నో, ఎంత ఇయ్యాల్నో వాళ్లకెరుక. మనకేం ఎరుక?"

మా అమ్మ అక్కడే కూర్చుని భోరుమంది. బిడ్డను సూదుల పాలు చేయలేకపోతున్నానని, ఆ ఏడుపు వినలేకపోతున్నానని ఏదేదో చెప్పుకుంది. బాపమ్మ ఆమె తల తన ఒళ్లోకి లాక్కుంది. "నాకు మాత్రం ఇనబుద్ధయితదా?" అని తనూ కళ్లు తుడుచుకుంది. తర్వాత నావైపు తిరిగింది. "నొప్పి పుడుతది బిడ్డా. పుట్టదని నేను జెప్ప. కానీ పోవాలె. నేను సుత వస్త, పా."

రైలంటే ఆమెకు చచ్చేంత భయం. అయినా కషాయాన్ని దూరంగా గుంట తీసి పారబోసి, చేతులు కడుక్కుని, ముఖానికి ఇంత పసుపు రాసుకుని మాతో జనగామ బస్సెక్కింది. రైలు కదిలినప్పుడల్లా నా భుజం గట్టిగా పట్టుకునేది. ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషికి నేనే ధైర్యం చెప్పాల్సి వచ్చింది. దవాఖానలో సూది గుచ్చుతున్నప్పుడు మా అమ్మ మొదటిసారి గోడవైపు తిరగకుండా నా కళ్లలోకి చూసింది. నొప్పి పుట్టింది. నేను అరిచాను. కానీ మళ్లీ వారం రానని మాత్రం అనలేదు.

ఇంక సూదులు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు వచ్చేదాకా ఆ ప్రయాణాలు ఆగలేదు. నాకు పెళ్లయింది, బిడ్డ పుట్టింది. బాపమ్మ అప్పటికి బాగా ముసలిదైపోయినా, ముని మనవరాలికి ఆముదం తనే కాచి తెచ్చింది. అప్పుడడిగాను, "ఆనాడు అమ్మ నీ చెయ్యి పట్టకపోతే ఏం జేస్తుంటివే?" అని.

బోసినోటితో నవ్వింది. "ఎందుకు పట్టదే? నిన్ను ఇడువలేక గంత పిచ్చిపని జేసిన మనిషి, నన్ను ఇడుస్తదా?"

ఈమధ్య ఫోనుల్లో ఏవేవో ఆకుల కషాయాలు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతున్నాయి. నేను ఆ జబ్బు నుంచి బయటపడ్డదాన్నని తెలిసి, బిడ్డలను చంకనేసుకుని తల్లులు అవి చూపించడానికి వస్తారు. వాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు, కోపమూ రాదు. ముందు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంటాను. వాళ్ల భయమంతా చెప్పుకోనిస్తాను. ఆ తర్వాతే, దవాఖాన మానొద్దని చెబుతాను. తోడు కావాలంటే వెంట పోతాను కూడా. నన్ను బతికించింది ఆ సూదిమందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మందు దాకా నన్ను తీసుకుపోయింది మాత్రం, పొయ్యి ముందు ఒకరి చెయ్యి ఒకరు వదలని ఆ ఇద్దరు ఆడవాళ్లే.