సత్యవతి గారి మూడు కత్తులు

పండిన టమాటాను మొద్దు కత్తితో కోస్తే తొక్క తెగదు. లోపలికి అణిగి, ఒక్కసారిగా చిట్లి, రసం చిమ్ముతుంది. ఈ ఉదయం గచ్చిబౌలిలోని మా వంటశాలలో ఆ చిన్న చప్పుడు, వెంటనే పచ్చి పులుపు వాసన. కొత్తగా చేరినామె బల్ల తుడుస్తూ నా వంక భయంగా చూసింది. నాకు సత్యవతి గారు గుర్తొచ్చారు.

ఆవిడది భీమవరం వైపు. ఐటీ ఆఫీసులకు మధ్యాహ్న భోజనం పంపే ఈ వంటశాలకు అప్పట్లో ఆవిడే పెద్ద. నేను కూరగాయలు తరిగే విభాగానికి సూపర్‌వైజర్‌ని. ఆ పని చేయడమంటే అరవడమే అనుకునేవాణ్ణి. నా అరుపులు ఎక్కువగా మల్లమ్మ మీద పడేవి. యాభై దాటిన మనిషి, బోరబండ నుంచి వచ్చేది. పొద్దున ఆమె కోసిన ముక్కలు చక్కగా ఉండేవి, మధ్యాహ్నానికి చితికిపోయేవి. వయసు మీద పడిందని నేనే తేల్చేశాను. "ఇంటికి వోయి మనవళ్లను ఆడిచ్చుకో" అని అందరి ముందూ అన్నాను. అంతటితో ఆగక, ఆమెను తీసేయమని అడగడానికి సత్యవతి గారి దగ్గరకు వెళ్లాను.

ఆవిడ పులుసు రుచి చూస్తున్నారు. గరిటె దించకుండానే, "మొద్దుబారింది మనిషో కత్తో ముందు చూద్దామయ్యా శ్రీశైలం" అన్నారు.

మర్నాడు మూడు కత్తులు తెచ్చి, మూడింటికీ సానరాయి మీద తనే పదును పెట్టారు. రోజుకొక కత్తితో మల్లమ్మ మామూలు పనే చేయాలి. మధ్యమధ్యలో పదును చూడ్డానికి ఒక టమాటా మీద కత్తి ఆనించి లాగాలి. "నొక్కకమ్మా. కత్తి బరువు చాలు" అనేవారు.

మొదటిది తుప్పు పట్టే పాతరకం ఉక్కుది. ఉల్లిగడ్డల దాకా అద్భుతంగా తెగింది. మామిడికాయలు కోశాక నల్లబడి, ఆ పులుపుకు అంచు పోయింది. రెండోది ఖరీదైన గట్టి ఉక్కు. పని ముగిసే వేళకు కూడా టమాటా తొక్కను కాగితంలా కోసింది. "గిదే కొందాం మేడం" అన్నాను. అంతలో చివరి గుమ్మడికాయలో కత్తి ఇరుక్కుంది. మల్లమ్మ పక్కకు మెలితిప్పేసరికి అంచు నుంచి చిన్న పెచ్చు ఊడిపడింది.

ఆమె ఆ పెచ్చును ఏరి అరచేతిలో పెట్టుకుంది. "ఇగ నన్ను తీసేస్తరా అమ్మా?"

"పరీక్ష కత్తికమ్మా, నీకు కాదు" అన్నారు సత్యవతి గారు.

మూడోది మేం రోజూ వాడే మెత్తని స్టెయిన్‌లెస్ స్టీలుది. పని సగమైనా కాకముందే దాని కింద టమాటా చితికింది. సత్యవతి గారు దాన్ని ఉక్కు కడ్డీ మీద అటూ ఇటూ నాలుగుసార్లు దువ్వి తిరిగి ఇచ్చారు. తర్వాతి ముక్క పల్చగా తెగింది. మల్లమ్మ దాన్ని వెలుతురుకు పట్టి, "సూడు సారూ, నా వయసు ఎన్కకు వోయింది!" అంది. అందరూ నవ్వారు. నేను తప్ప.

"ఎక్కువసేపు పదును నిలిచేదే మంచి ఉక్కు కదా మేడం?" అన్నాను, ఓటమి ఒప్పుకోలేక.

"మీ వైపు ఏ నేలయ్యా?"

"చల్క మేడం. ఎర్ర నేల."

"మాది నల్లమట్టి. వాన వెలిశాక తడి ఆరక చాన్నాళ్లు పదునుంటుంది, ఎండితే మటుకు పగుళ్లే. మీది తొందరగా ఆరిపోతుంది, మళ్లీ ఒక్క జల్లుకే పదునెక్కుతుంది. కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి, అంతే."

"ఆ మనిషెవరు మేడం?"

"సూపర్‌వైజర్‌వి నువ్వే కదయ్యా" అని కడ్డీ నా చేతిలో పెట్టారు.

మల్లమ్మ ఉద్యోగమూ, ఆ మెత్తని కత్తులూ నిలిచాయి. నేను బల్ల బల్లకూ తిరిగి, చేయి చాచి కత్తి అడగాల్సి వచ్చింది. చేయి చాచినవాడికి అరవడం కుదరదని సత్యవతి గారికి ముందే తెలుసేమో. రోజూ నా కళ్ల ముందే మొద్దుబారిన కత్తిని వదిలేసి, దాన్ని పట్టుకున్న చేతిని తిట్టినవాణ్ణి నేను. మల్లమ్మకు ఆ మాట చెప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. చెప్పిన రోజు ఆమె, "జర జల్ది కత్తియ్యి సారూ, ఉల్లిగడ్డలు ఎదురుసూస్తున్నయ్" అంది.

సత్యవతి గారు పని మానేసి ఇప్పుడు బాచుపల్లిలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ఆ కడ్డీ నా దగ్గరే ఉంది. ఆ పాత నోరు కూడా పూర్తిగా పోలేదు. ఈ ఉదయం టమాటా చిట్లినప్పుడు ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, చేయి చాచాను.

"కత్తి ఇటియ్యమ్మా."

దువ్వి ఇచ్చాను. ఆమె బలమంతా పెట్టి కోయబోయింది.

"నొక్కకు" అన్నాను. "కత్తి బరువు చాలు."