కాదనడం నేర్పినాయన

మా సెక్యూరిటీ ఇన్‌ఛార్జిగారు పోయారని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కబురుతో పాటు ఆయన ఆధార్ కార్డూ, ఆసుపత్రి రిపోర్టులూ పెట్టారు. రెండు వందల మంది చూసి దణ్ణాలు పెట్టారు. బతికుంటే ముందు ఆ ఫోటోలు గ్రూపులోంచి తీసేయించి, ఆ తర్వాతే చనిపోయేవారు.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చేపలు కొని బయటికి పంపే కంపెనీ మాది. ఏలూరులో రెండు గదుల్లో ఉన్నప్పుడు రైతుల వివరాలన్నీ ఒక నోటుబుక్కులో పట్టేవి. తాడేపల్లిగూడెంలో, ఉంగుటూరులో బ్రాంచీలు పెట్టాక అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. వాటికి కాపలాగా ఆయన్ని తీసుకున్నారు.

ఒకరోజు ఆయన బజ్జీలు కొనుక్కుంటే, పొట్లం కట్టిన కాగితం మా రైతు ఆధార్ జిరాక్సు. దాన్ని తెచ్చి ఓనరుగారి బల్లమీద పరిచారు. "మన రైతు నూనెలో వేగుతున్నాడండీ" అన్నారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. మర్నాడే కాగితాలు ముక్కలు చేసే మిషను కొనిపించారు.

కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేవారు: "పాస్‌వర్డ్ ఎవరడిగినా కాదనండి. అండీ తగిలించైనా సరే, కాదనండి."

నేను అనలేకపోయాను. ఓనరుగారి బావమరిది నా కుర్చీ పక్కన నిలబడి, "ఏవండీ, మీ పాస్‌వర్డ్ ఒక్కసారి ఇస్తారా, చిన్న లిస్టు చూసుకుంటాను" అన్నాడు. పెద్దవాడు, అంత మెత్తగా అడిగితే కాదని ఎలా అంటాం? చెప్పేశాను. ఆ వారం మా లారీ వెళ్ళేసరికి చెరువుగట్టు మీద వేరే వ్యాపారి లారీ ఉంది. ఏ చెరువులో చేపలు ఎప్పుడు పడతారో వాళ్ళకి ముందే తెలుసు.

మీటింగులో ఓనరుగారు, "సెక్యూరిటీ మీదే కదండీ?" అన్నారు. ఇన్‌ఛార్జిగారు నావైపు ఒక్కసారి చూశారు. నేను నేల చూశాను. సిగ్గులేని మనిషిని.

ఆయన్ని పనిలోంచి తీసేశారు. కంప్యూటర్లో ఆయన అకౌంటు మూసెయ్యడం ఎవరికీ రాదు. ఆయనే కూర్చుని, నాకు చూపిస్తూ, తన పేరు తీసేసుకున్నారు. "నేర్చుకోండి, పనికొస్తుంది" అన్నారు. లిస్టు దొంగకి సాయం చేశాడన్న మాట ఆయనకంటే ముందు జంగారెడ్డిగూడెం దాకా వెళ్ళింది. మళ్ళీ ఎవరూ పని ఇవ్వలేదు. బెంగతోనే గుండె ఆగిందని వాళ్ళావిడ అన్నారట.

ఆయన్ని పంపేశాక ఆ కుర్చీ నాకిచ్చారు. సొరుగులో ఒక ప్రింటు దొరికింది. లిస్టు బయటికి వెళ్ళిన తేదీ, టైమూ, పక్కన నా పేరు. కింద ఆయన చేతిరాత: "పాస్‌వర్డ్ మార్చుకోండి." ఎవరి వివరమూ బయటపెట్టకూడదన్న మనిషి, నా పేరూ బయటపెట్టలేదు. నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆయన చలవే.

ఆ ఆధార్ గ్రూపులో పెట్టిన బావమరిదిగారిని ఇవాళ అడిగాను, తీసెయ్యమని.

"పోయినాయనకి ఇంకేం భయమండీ?" అన్నాడు, మెత్తగా.

"అవునండీ" అన్నాను.

నా చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. ఆధార్ ఫోటోలోంచి నన్నే చూస్తున్న ఆయన ముఖం కింద ఇంకో దణ్ణం.