దారం కొరికే పన్ను

మా అక్క పాంట్లు కుడుతుంది. ఆమె పనిచేసే కొట్లో ఒక పద్ధతి ఉంది. కత్తెర కటింగ్ మాస్టరు ఒక్కడిదే. మిషన్ల మీద కూర్చున్నవాళ్లు దారాన్ని పళ్లతో కొరుక్కోవాలి. చేతులు మారితే పదును పోతుందని ఆయన చెప్పే కారణం. అసలు సంగతి, కత్తెర చేతిలో ఉన్నంతసేపే ఆయన మాస్టరు.

అక్కవి చిన్నప్పటినుంచీ ఒకదాని మీదొకటి ఎక్కిన పళ్లు. కింది వరస సందులో దారం పెట్టి లాగితే పుటుక్కున తెగేది. అందుకే కొట్లో అందరూ ఆమెను 'బ్లేడు' అంటారు.

ముప్పై దాటాక ఆ దారం కొరికే పన్ను కదలడం మొదలైంది. బ్రష్షు నిండా నెత్తురు. పోట్లాడి పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఈ వంకర సందుల్లోకి బ్రష్షు వెళ్లక చిగుళ్లు వాచాయి. లోపల ఎముక తగ్గుతోంది," అందామె. "ముందు చిగుళ్లు బాగుచేద్దాం. అవి కుదుటపడ్డాక క్లిప్పులు వేసి పళ్లను వరసలోకి తెద్దాం."

"క్లిప్పులు చిన్నపిల్లలకి కదా మేడమ్?"

"చిన్నప్పుడైతే సులువు, ఇప్పుడు నిదానం. అంతే తేడా. ఎముకకి పట్టుంటే వయసుతో పనిలేదు. ఇంకా ఆగితే మాత్రం ఈ పన్ను నిలవదు. దారం కొరకడం ఇవాళే మానెయ్యండి."

చిగుళ్లు నయమై, క్లిప్పులతో కొట్లోకి వెళ్లిన రోజు జిప్పులు వేసే ముసలాయన అడిగాడట, "ఏమ్మా బ్లేడూ, పెళ్లిచూపులా?"

"అవును బాబాయ్. మంచి సంబంధం ఉంటే చెప్పు. నీలాంటి బోసినోరు మాత్రం వద్దు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే అలవాటుగా దారం నోట్లో పెట్టి లాగింది. ఒక క్లిప్పు ఊడి, కుడుతున్న పాంటు జేబులో పడింది. డాక్టరమ్మ మళ్లీ అతికించి, "ఈసారి క్లిప్పు కాదు, పన్నే వస్తుంది," అంది.

అక్క మాస్టర్ని కత్తెర అడిగింది.

"పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం? నీ సోకుకి నా కత్తెర కావాలా?" అన్నాడు. సొంతంగా చిన్న కట్టరు కొనుక్కుని వెళ్తే లాక్కుని సొరుగులో పడేశాడు. ఒక కొట్లో రెండు కత్తెరలు ఉండవట.

నేనైతే ఆ పూటే పని వదిలేసేవాణ్ణి. అలా చాలా చోట్ల వదిలేశాను, ఏం ఒరిగింది? అక్క వదల్లేదు.

మర్నాడు సాయంత్రం ఆమెను తీసుకురావడానికి వెళ్లాను. ఎవరో పాంటు కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. మాస్టరు అక్క పక్కనున్న కుప్పలోంచి ఒకటి లాగాడు. దాని వెనకే ఇంకోటి వచ్చింది. దాని వెనక మరోటి. పొద్దుట్నించి కుట్టినవన్నీ తెంపని దారాలతో రైలుపెట్టెల్లా వచ్చాయి.

"ఏంటిది?"

"కత్తెర మీదే కదా మాస్టారూ, తెంపండి," అంది అక్క, మిషన్ ఆపకుండానే.

వచ్చినాయన నవ్వాడు. మాస్టరు ముఖం మాడ్చుకుని, ఒక్కొక్క దారమే తెంపాడు. కుప్ప సగం కూడా అవకముందే సొరుగు లాగి కట్టరు ఆమె ముందు పడేశాడు.

గెలిచిందని నేను అనుకున్నాను. నిన్న డాక్టరమ్మ ఆ పన్నును వేలితో నొక్కి చూసి, "ఇప్పుడే ఏమీ చెప్పలేను," అంది. ఇంటికొచ్చేదాకా అక్క నాలుకతో దాన్ని తోసి చూస్తూనే ఉంది. తొయ్యకక్కా అంటే వినదు.