ముళ్లపంది మాటలు కోసిందెవరు?

బొమ్మల సినిమాలోని ఒక ముళ్లపంది పిల్ల నికార్సయిన విలేకరి పరువు తీయగలదా? తీయగలదు. తీసింది. నా పరువుతో ఆగి ఉంటే ఈ సంగతి పొట్టలోనే దాచుకునేవాణ్ని. కానీ నేను పోయే కంపను కాలికి తగిలించుకోవడంతో ఊరుకోలేదు. దాన్ని ఈడ్చుకెళ్లి రమణమ్మ పిన్ని చీరకు కూడా తగిలించాను.

నాన్నకు గనిలో ఉద్యోగం వచ్చి మేం విజయనగరం వైపు నుంచి జగ్దల్‌పూర్ అవతలి కిరందుల్ చేరేసరికి నాకు ఏడేళ్లు. రైలు పట్టాలు అక్కడే ముగిసిపోతాయి కనుక దేశం కూడా అక్కడితో సరి అనుకున్నాను. హిందీ ఒక్క ముక్క రాదు. మా వరస క్వార్టర్ల పిల్లలందరిదీ అదే గతి. వేసవి వస్తే క్లబ్బు హాల్లో మాకు చూపించే సినిమా ఒక్కటే: కొత్త అడవికి వలస వెళ్లే ముళ్లపంది కుటుంబం కథ. అది హిందీలో ఉండేది. అందుకని పక్కింటి రమణమ్మ పిన్ని తెర పక్కన కుర్చీ వేసుకుని తెలుగులో చెప్పేది.

"సౌండు తగ్గించు మల్లేసూ! పిల్లలకి నా మాట ఇనబడొద్దేటి?"

తర్లగూడ నుంచి వచ్చి క్లబ్బులో ప్రొజెక్టరు నడిపే మల్లేశన్న సౌండు తగ్గించేవాడు. ఇక చూడాలి! మామ్మ ముళ్లపంది ఏటి ఒడ్డున మొసలిని నిలదీసేది: "నోరు తెరిస్తే భయపడిపోతాననుకున్నావేటి? ముందు పళ్లు తోముకుని రా!" పిల్లను దగ్గరకు తీయని తండ్రిని తల్లి దులిపేసేది: "ముళ్లున్నది వీపు మీద గదా! పొట్ట మెత్తగానే ఉంది గదా! ఎత్తుకోడానికేటి నొప్పి?" ఆ మాటకు హాల్లో నవ్వులు. ఎర్రదుమ్ము బూట్లతో షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన నాన్నలు మాత్రం నవ్వేవాళ్లు కాదు. పిల్లల్ని ఒళ్లోకి లాక్కునేవాళ్లు.

తర్వాత నాకు హిందీ వచ్చింది. అయినా ఆ హాల్లో వినబడే గొంతు ఒక్కటే. ఉరుము ముందు చిటికె ఎవరికి వినిపిస్తుంది?

ఇరవై ఏళ్లు గడిచాయి. నేను జగ్దల్‌పూర్‌లో ఒక తెలుగు పత్రికకు విలేకరినయ్యాను. చేతిలో కలం, నెత్తిన కొమ్ములు. చిన్నప్పటి ఇష్టమైన సినిమాను మళ్లీ చూసి ఆదివారం పేజీకి రాయమన్నారు. గదిలో ఒక్కణ్నే కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని చూశాను. చూశాననడం అబద్ధం. పది నిమిషాలకు కుర్చీ మార్చాను. ఇరవై నిమిషాలకు టీ పెట్టుకున్నాను. అరగంటకు గోళ్లు కత్తిరించుకున్నాను. తండ్రి ముళ్లపంది నోరు తెరిస్తే నీతివాక్యం, తల్లి నోరు తెరిస్తే పాట. మొసలి వచ్చింది, మామ్మ చేతులు జోడించి దండకం చదివింది, మొసలి వెళ్లిపోయింది. పళ్లు తోముకోమన్న మాట ఏదీ? మెత్తటి పొట్ట ఏదీ?

నాకు ఒళ్లు మండింది. కోసేశారు! మంచి మాటలన్నీ కత్తిరించి ఊక మిగిల్చారు! కూర్చున్నవాణ్ని లేవకుండా రాసేశాను. ఇది అతిగా పొగిడిన సినిమా అనీ, దానికి ప్రాణం పోసిన మాటల్ని ఎవరో దొంగతనంగా తొలగించారనీ, వెంటనే తిరిగి చేర్చాలనీ. ఆధారంగా ఆరు డైలాగులు అచ్చంగా ఉదహరించాను. వాటిని మాకు తెలుగు చేసి వినిపించిన మహా తల్లి రమణమ్మగారని పేరు కూడా వేశాను.

డెస్కు నుంచి ఫోను. "ఖాయమేనా? ఈ మాటలు సినిమాలో ఉండేవా?"

"పదిసార్లు కళ్లారా చూశాను సార్!"

గమనించండి. మాటల్ని కళ్లారా చూశానట!

ఆదివారం పొద్దున మల్లేశన్న ఫోన్ చేశాడు.

"ఏంది తమ్మీ గిది? ఆ మాటలు సిన్మాల యాడున్నయ్? ఇన్నేండ్లు నేనే నడిపిస్తున్న. ఒక్క ముక్క కొయ్యలే. గప్పుడు సౌండు తగ్గిచ్చింది నేను, కత చెప్పింది ఆమె."

కుర్చీలో ముళ్లు మొలిచాయి.

"ఇంకో ముచ్చట ఇను. ఇయ్యాల నాలుగింటికి క్లబ్బుల ఆమెకు శాలువా కప్పుతున్నరు. కొత్తగొచ్చిన ఆడోళ్లను దవాఖానకు, బ్యాంకుకు తోల్కపోయి హిందీల మాట్లాడి పెడ్తది గద, గందుకు. నీ పేపరు సదివినంక, గా మాటలు సిన్మల లేనే లెవ్వని అందరు గుసగుస. అసలు ఆమెకు హిందీ అస్తదా అని! గా సిన్మనే పెట్టి, సౌండు మొత్తం పెంచి, చెప్పమంటరట."

బస్సెక్కాను. గీదం దాకా ఎడమ సీట్లో, దంతెవాడ దాకా కుడి సీట్లో, బచేలీ నుంచి నిలబడే వెళ్లాను. ఎవరికి మందుబిళ్ల కావాలన్నా, ఎవరికి పాసుపుస్తకం కావాలన్నా ముందు నడిచిన మనిషి పిన్ని. ఆమె మాట మీద నమ్మకాన్ని ఆరు డైలాగులతో నేను ఊడ్చేశాను.

హాలు నిండిపోయి ఉంది. గుమ్మంలోనే ఒకావిడ పక్కావిడతో అంటోంది: "డాక్టరు నన్ను ఉప్పు, ఊరగాయ మానమన్నాడని ఈవిడే చెప్పిందండీ. మూడేళ్లయింది ఆవకాయ మొహం చూసి. డాక్టరు అన్నాడో, ఈవిడ అల్లిందో!"

పిన్ని తెర పక్కన కూర్చుని ఉంది. నేను పరిగెత్తాను. "పిన్నీ, తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికి పదండి!"

"ఏట్రా, నాకెందుకు నొప్పి? నువ్వు కూకో."

సౌండు పెంచారు. తండ్రి ముళ్లపంది హిందీలో ఒక వాక్యం. పిన్ని తెలుగులో అదే వాక్యం. తల్లి పాట, పిన్ని దాని అర్థం. ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. కోర్టులో దుబాసీ కూడా అంత నికరంగా చెప్పలేడు. ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. నేను నోరు తెరిచాను, మొసలిలాగా.

పది నిమిషాలకు పిల్లలు కుర్చీల్లో మెలికలు తిరగడం మొదలుపెట్టారు. ఇద్దరు బయటకు పారిపోయారు. ముందు వరసలో జడల పిల్ల ఒకతి లేచి పిన్ని వైపు తిరిగి, "మామ్మా, ఇది కాదు! మా అమ్మ చెప్పిన ముళ్లపంది కావాలి!" అని ఏడుపు లంకించుకుంది.

"పిన్నీ, మీకు హిందీ ఇంత బాగా వచ్చా?" అన్నాను.

"రాకపోడమేట్రా? పెళ్లికి ముందు రాయ్‌పూర్లో సదూకున్నాను."

"మరి ఆ రోజుల్లో..."

"మొదటి రోజు పది నిమిషాలు ఉన్నదున్నట్టే సెప్పినాను. పిల్లలు ఇలాగే లేసి పోయినారు. నువ్వయితే నిద్రోయినావు. బొమ్మలు బాగున్నాయి, మాటలే బాగోలేవు. అందుకని మార్సినాను. సినిమా బాగోలేదని పేపర్లో రాసేకన్నా బాగుసెయ్యడం తేలిక గదరా! నాకు పది నిమిషాల్లో తెలిసింది, నీకు ఇరవై ఏళ్లు పట్టిందేటి?"

హాలు గొల్లుమంది. వెనక నుంచి ఆవకాయ ఆవిడ ఆత్రంగా అరిచింది: "మరి డాక్టరు మాటో?"

"ఉప్పు డాక్టరుగారిది. ఊరగాయ నాది. ఉప్పు మానమంటే నువ్వు ఊరగాయ మానవని నాకు తెల్దేటి?" అని పిన్ని వెనక్కి తిరిగింది. "మల్లేసూ, సౌండు తగ్గించు!"

మామ్మ ముళ్లపంది మొసలిని పళ్లు తోముకోమంది. పారిపోయిన ఇద్దరూ తిరిగొచ్చారు. శాలువా చివర్లో కప్పారు. దాన్ని పట్టుకునే పని, ప్రాయశ్చిత్తంగా, నాదే.

మర్నాడు పత్రికలో నా సవరణ వచ్చింది: "ఆ ఆరు డైలాగులు సినిమాలో ఎన్నడూ లేవు. అందుకు సినిమా తీసినవారే బాధ్యులు."

ఇక ఆ ముళ్లపంది వీపు మీద చెయ్యివేసి, దాని మెత్తటి పొట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: రమణమ్మ పిన్ని పక్కన లేకుండా ఈ జన్మలో ఏ సినిమానూ చూడను.