హుసేనప్ప ఎండలో చూసిన వెబ్‌సైటు

ఎమ్మిగనూరు హుసేనప్పకు ఏ వస్తువైనా ఎండలో చూస్తేగానీ నమ్మకం కుదరదు. చేనేత దుప్పట్ల కొట్టు ఆయనది. కొనడానికి వచ్చినవాళ్లు గుడ్డ చేతిలోకి తీసుకోగానే, "ట్యూబులైటు అబద్ధాలు సెప్తాదమ్మా, బయటికి రా," అని రోడ్డు మీదికి లాక్కెళ్లి రంగు చూపిస్తాడు. బట్టల వ్యాపారంలో అది మామూలే. కానీ హుసేనప్ప అక్కడితో ఆగలేదు. కందిపప్పు, మందుబిళ్ల, పెళ్లి శుభలేఖ, ఏదైనా ఎండ చూడాల్సిందే. పెళ్లిచూపులకు వచ్చిన కాబోయే అల్లుణ్ణి కూడా "ఒక్క నిమిషం అప్పా" అంటూ వాకిట్లోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూశాకే కాఫీ ఇప్పించాడు.

అలాంటి మనిషి నందినికి మొదటి గిరాకీగా దొరికాడు.

నందిని ఆదోనిలో, జిరాక్సు షాపు మీది గదిలో వెబ్‌సైట్లు తయారుచేసే పని పెట్టుకుంది. తలుపు మీద తన పేరు రాయించుకుంది. రోజూ తాళం తీసే ముందు ఆ పేరు ఒకసారి చదువుకుంటే గానీ ఆమెకు లోపలికి వెళ్లబుద్ధి కాదు. హుసేనప్ప దుప్పట్ల వెబ్‌సైటు పూర్తిచేసి, ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లింది. కొట్లో కూర్చుని తెర తెరిచిందో లేదో, వాళ్లమ్మ మారెమ్మ నుంచి ఫోన్. పత్తి జిన్నింగు మిల్లు చప్పుడులో పనిచేసే మనిషి, గొంతు కొట్టంతా వినిపించింది.

"ఇట్ల ఎన్ని దినాలే? పత్తి సీజను అయిపోయేలోగా ఇంకో గిరాకీ రాకుంటే ఆ గది ఖాళీ సేసి మా మిల్లు ఆఫీసులో కూసో. సేటుతో మాట్లాడినా!"

నందిని సిగ్గుపడి ఫోన్ కట్టేసింది. హుసేనప్ప ఏమీ విననట్టు కళ్లద్దాలు సర్దుకుని, తెరను వేలితో రుద్ది, ఆ వేలు వాసన చూశాడు.

"ఉతికితే రంగు పోతాదా పాపా?"

"ఇది గుడ్డ కాదు మామా. పోదు."

"ఎండలో సూద్దాం పా."

"ఎండలో ఏమీ కనపడదు మామా!"

అప్పటికే ఆయన ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని నడిరోడ్డు మీద ఉన్నాడు. ఎమ్మిగనూరు ఎండకు తెర నల్లబడిపోయింది.

"ఎవరో ముసలాయప్ప కనపడతాండాడే!"

"అది నువ్వే మామా."

"అవునా? మేలుగానే ఉండాడు. కానీ దుప్పటి ఎరుపు ఇంగా పండల్యా. రేపు రా."

మర్నాడు ఎరుపు పండించుకుని వెళ్లింది. కొట్టు ముందు ఎండ చాలదని మార్కెట్టు దాకా నడిపించాడు. తర్వాత అక్షరాలు సన్నగా ఉన్నాయని బస్టాండుకు తీసుకెళ్లాడు. ఇంకోసారి సైటు పల్చగా ఉంది, నాలుగు పోగులు ఎక్కువ వెయ్యమన్నాడు. ఆ పోగులు ఎక్కడ వెయ్యాలో నందినికి కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మబ్బు పట్టిన రోజు మాత్రం ఫోన్ చేసి, "ఈ దినం ఎండ రాల్యా, నువ్వూ రావాకు," అని సెలవిచ్చాడు. ముందు ల్యాప్‌టాప్‌తో ఆయన, వెనక ఛార్జరుతో ఆమె, ఊళ్లో ఊరేగింపు తప్ప పనేమీ సాగలేదు. ఆయన కనపడిన ప్రతివాణ్ణీ ఆపి చెవిలో ఏదో చెబుతుంటే, తన పనిని వీధివీధినా తీర్పుకు పెట్టాడని నందినికి ఒళ్లు మండేది.

చివరికి ఒకనాడు కదలబోతున్న మంత్రాలయం బస్సును ఆపి, లోపలి వాళ్లకు తెర ఎత్తి చూపించాడు. దాంతో ఆమె ఓపిక చచ్చిపోయింది.

"నచ్చకుంటే నచ్చలేదని సెప్పు మామా! నేను మిల్లుకే పోతా."

హుసేనప్ప మొదటిసారి నీడలోకి వచ్చాడు. "రేపు మీ ఆఫీసులోనే ఉండు పాపా. యాడికీ పోవాకు," అన్నాడు, అంతే.

మర్నాడు మధ్యాహ్నానికి జిరాక్సు షాపు మెట్ల మీద జనం. ముందు ఎమ్మిగనూరు విత్తనాల కొట్టు బసన్న, ఆయన వెనక మంత్రాలయం లాడ్జి ఓనరు, ఇంకా ఎవరెవరో. అందరికీ వెబ్‌సైటు కావాలట.

"నా పని యాడ సూసినారన్నా?" అంది నందిని.

"హుసేనప్ప ఎత్తి సూపించె గదా."

"ఆ ఎండలో ఏం కనపడింది?"

"ఏమీ కనపడల్యా, నా మొగమే కనపడె," అన్నాడు బసన్న. "కానీ సొంత అల్లుణ్ణే ఇంతవరకు బాగుండాడని అనల్యా ఆయప్ప. అట్లాటోడు 'ఇది మా నందిని ఒక్కతే సేసింది' అని సంకలో పెట్టుకోని తిరుగుతాంటే, ఇంగ సూసేదేముంది?"

నందిని అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"మామా, నీకు ఎప్పుడు నచ్చింది?"

"మొదటి దినమే. ట్యూబులైటు కింద."

"మరి నన్నెందుకు తిప్పినావు?"

"మంచి దుప్పటి వస్తే మడిసి లోపల పెడతానా? గుమ్మానికి యాలాడదీస్తా. మీ యమ్మ అరిసింది ఇన్నా గదా, నిన్నూ అట్లే యాలాడదీసినా. ఎరుపు మాత్రం ఇంగా పండల్యా, రేపు రా."

నందిని నవ్వుకుంటూ ల్యాప్‌టాప్ తెరిచి కుర్చీలు చూపించబోయింది. అందరూ అప్పటికే మెట్లు దిగిపోతున్నారు.

"యాడికన్నా?"

"ఎండలోకి!" అన్నాడు బసన్న.

ఆమె కాదనలేదు. ఛార్జరు చంకలో ఇరికించుకుని తనే నడిరోడ్డు మీద ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకుంది. అన్నం గిన్నెతో వచ్చిన మారెమ్మ ఆ గుంపు బయటే ఆగిపోయి, ఏమీ కనపడని ఆ నల్ల తెరను తేరిపార చూసింది. పక్కనున్న ఆటో అతను ఏమీ అడగకపోయినా, "మా పాప సేసిందే, ఒక్కతే!" అని ఆమె చెప్పడం మిల్లు గొంతుతో బజారంతా వినపడింది.